సుత్తికి లొంగని బండి

మా మామ పోయాడు. పోయిన నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని, మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని మా రూమ్‌లో మంచం మీద నడుం వాల్చి, ఇక లేవలేదు. గుండె ఆగిందని డాక్టర్ రాసిచ్చాడు. ఎవరితోనూ కొట్లాడకుండా, ఎవరినీ తిట్టకుండా, కనీసం తిరగని ఫ్యానును ఒక గుద్దు గుద్దకుండా పోయాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. మెలకువలో ఉండగా యముడు వచ్చి ఉంటే నాలుగు తగిలించి పంపేవాడు. నిద్రలో వచ్చాడు కాబట్టి సరిపోయింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, నాకేం భయం. కానీ మా మామ మంచితనం చెప్పాలంటే ఆయన కొట్టిన దెబ్బలు చెప్పక తప్పదు. అవి వదిలేసి దేవుడిలాంటి మనిషి అని నేను రాస్తే, పైనుంచి దిగి వచ్చి నా నెత్తిన మొట్టికాయ వేస్తాడు.

మా అమ్మకు తమ్ముడు. మాది కడప జిల్లా. ఆయన మస్కట్‌కు వచ్చి పాతికేళ్ళు దాటింది. డెంటర్ పని. అంటే గుద్దుకుని సొట్టలు పడి వచ్చిన బండ్ల రేకును సుత్తితో కొట్టి మళ్ళీ మునుపటి రూపానికి తేవడం. నేను పెయింటర్‌ని. ఆయన కొట్టి సాపు చేసిన దాని మీద రంగు వేయడం నా పని. మా గ్యారేజీ వాడి కబీర్ వర్క్‌షాపుల వీధిలో ఉంది. పొద్దున ఇండియన్ స్కూలు బస్సులు వరసగా పోయేవి. ఆఖరి బస్సు మలుపు తిరిగిందో లేదో మామ మొదటి దెబ్బ పడేది. పక్క షాపులో టైర్లు మార్చే మలయాళీ ఆ చప్పుడు విని టీకి బయలుదేరేవాడు.

రేకును తిడుతూ కొట్టేవాడు. జపాన్ బండి రేకు పలచన కాబట్టి దాన్ని అప్పడమా అని పిలిచేవాడు. జర్మనీ బండి అయితే పొగరుదానా అనేవాడు. సుత్తి ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం, దించేటప్పుడు తిట్టుతో పాటు వదలడం. నాకూ అదే నేర్పబోయాడు గానీ నా చేతికి బ్రష్షే అబ్బింది. "తిట్టు నోట్లోంచి పోవాల, దెబ్బ చేతిలోంచి పోవాల. లోపల పెట్టుకున్నోడే తొందరగా సస్తాడు రా అల్లుడా" అని రోజుకొకసారైనా అనేవాడు. ఆ లెక్కన ఆయన నూరేళ్ళు బతకాలి.

ఉల్లిగడ్డను ఏనాడూ కత్తితో కోయలేదు. గచ్చు మీద పెట్టి పిడికిలితో ఒక్కటి గుద్దేవాడు, అది నాలుగు చెక్కలై పడేది. డబ్బా మూత రాకపోతే గోడకేసి కొట్టేవాడు. ఫోన్ మాట వినకపోతే ఫోన్ గతి కూడా అంతే. నేను మొదటిసారి విమానం దిగి, ఎయిర్‌పోర్టులో అందరి ముందూ కాళ్ళకు దండం పెట్టబోతే, వంగిన నెత్తి మీద ఠంగుమని మొట్టాడు. ఇక్కడ వంగితే ప్రతివాడూ మన మీద ఎక్కుతాడట. అదీ నాకు మస్కట్ స్వాగతం.

ఆ చేతి దెబ్బే నన్ను బతికించింది, అది కూడా చెప్పాలి. ఒక వేసవిలో దుమ్ము పడకూడదని షటర్ లోపలినుంచి బిగించి రంగు కొడుతున్నాను. గాలి మర ఆగిపోయింది. థిన్నర్ ఆవిరి తలకెక్కి ఎప్పుడు పడిపోయానో నాకు తెలియదు. మామ పిలిచి, పలకకపోతే, ఇంకెవరి కోసమూ ఆగలేదు. పెద్ద సమ్మెట తీసుకుని షటర్ మీద పడ్డాడు. రేకు చీల్చుకుని లోపలికి వచ్చి, జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చి, చెంపలు వాయించాడు. నేను కళ్ళు తెరిచాను. అయినా ఆపలేదు. తెరిచాను మామా అని మొత్తుకున్నా ఇంకో రెండు పడ్డాయి. అవి ఎందుకో తర్వాత అడిగితే, నీకు కాదు, నాకు భయం పోవాల గదా అన్నాడు. షటర్ చీరుకుని ఆయన మోచేతి మీద పడిన గీత చివరిదాకా అలాగే ఉండిపోయింది.

దెబ్బకు దెయ్యం దిగుతుందని మన పెద్దలు సామెతగా అన్నారు. మామ దాన్ని పని పద్ధతిగా పెట్టుకున్నాడు. ప్రపంచంలో వంకర పోయిన ప్రతిదీ సరైన చోట కొడితే సరవుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక మనిషి చెవిని తినేసింది.

ఆ మనిషి మా రూమ్‌లోనే ఉండేవాడు. మేమందరం భాయ్ అనేవాళ్ళం. ఆయనా కడపవాడే. ఇంట్లో ఉర్దూ, మాతో మా యాస, మా అందరికంటే ఎక్కువ తెలుగు తిట్లు తెలిసినవాడు. అప్పట్లో ఫైబర్ నీళ్ళ ట్యాంకులు బాగుచేసేవాడు. ఫైబర్ అంటే గాజు పోగులతో అల్లిన మ్యాటు మీద రెసిన్ అనే జిగురు పోసి గట్టిపరిచేది. దాన్ని గీకితే వచ్చే దుమ్ము ఒంటికి అంటిందంటే దురదగొండి ఆకు నయం. మామా భాయ్ ఒకే కంచంలో తినేవాళ్ళు. ఒకరి పనిని ఒకరు వెక్కిరించుకోకుండా ముద్ద దిగేది కాదు. మామ ఆయన పనిని బంక పని అనేవాడు. ఆయన మామ పనిని పిండి దంచుడు అనేవాడు.

ఒక గురువారం సాయంత్రం భాయ్ పని బట్టలతోనే మామ పరుపు మీద కూర్చున్నాడు. మామ రాత్రంతా వీపు గోక్కుని శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాడు. మాట మాట పెరిగింది. రోజూ ఉండేదే అని మేము పట్టించుకోలేదు. బంక పని మగవాడు చేసేదేనా అని మామ అన్నాడు. భాయ్ నవ్వుతూనే అన్నాడు.

"నీ చేతిలోంచి సుత్తి తీసేస్తే ఇంకేం మిగుల్తాదన్నా నీకు?"

మంచం కింద చెక్క సుత్తి ఉండేది. మామ దాన్ని ఎప్పుడు అందుకున్నాడో నేను చూడలేదు. చప్పుడు మాత్రం విన్నాను. రేకు మీద పడే చప్పుడు కాదు అది. భాయ్ ఎడమ చెవిలోంచి రక్తం మెడ మీదుగా బనీనులోకి కారింది. ఆయన పడిపోలేదు. పొయ్యి మీది కుక్కర్ మూత తీసుకుని మామ నోటి మీద కొట్టాడు. మామ ముందుపళ్ళు రెండు గచ్చు మీద పడ్డాయి. ఇద్దరూ మళ్ళీ కలబడబోతే మేము నలుగురం మీద పడి, చెరో మూలకు లాగి, గోడలకు అదిమిపెట్టాం. అరగంట ముందు ఆ ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగారు.

ఆసుపత్రిలో డాక్టర్ అడిగితే, నీళ్ళ క్యాను మోసుకుంటూ మెట్ల మీద జారానని భాయ్ హిందీలో చెప్పాడు. నిజం చెబితే పోలీసు కేసు. కేసయితే మామ వీసా క్యాన్సిల్, నేరుగా విమానం. తన చెవి పగలగొట్టినవాడి వీసా కాపాడి, ఆ వారంలోనే పెట్టె సర్దుకుని షినాస్ వెళ్ళిపోయాడు. అక్కడ సముద్రం ఒడ్డున చేపల పడవలకు ఫైబర్ వేసే పని దొరికింది. ఎడమ చెవి ఇక ఎప్పటికీ పనికిరాదని తేలిందని ఎవరో చెప్పారు.

మామ ఆ పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, వేడి సైలెన్సర్ తగిలి చెయ్యి కాలినప్పుడు, నేను వెన్న రాస్తుంటే తనంతట తానే అన్నాడు.

"వాడు నా మీద కేసు పెట్టింటే బాగుండు రా. మెట్ల మీద జారినా అని చెప్పి నన్ను కట్టేసి పోయినాడు."

ఆ కట్టు విప్పడానికి ఒక అమెరికా బండి రావలసి వచ్చింది.

మా వీసాలు ఉన్న ఒమానీ యజమానిని మేము అర్బాబ్ అనేవాళ్ళం. గట్టిగా మాట్లాడడం కూడా తెలియని పెద్దమనిషి. ఆయన తండ్రిది ఆ బండి. రెండో ప్రపంచయుద్ధం అయిన కొన్నేళ్ళకు అమెరికాలో తయారైంది. రెండే సీట్లు. గుడ్డ పైకప్పు, వెనక్కి మడిచేసుకోవచ్చు. పొడుగాటి ముక్కు, దాని కింద పళ్ళు ఇకిలించినట్టు మెరుపు కడ్డీలు. దేశం వదిలిపోతున్న ఒక అమెరికా ఆయన దగ్గర తండ్రి కొన్నాడట. తండ్రి పోయాక అల్ సువైక్‌లోని వాళ్ళ ఖర్జూరం తోటలో, ఈత చాపల కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. సీట్లో మేకలు పడుకునేవి. అర్బాబ్‌కు ఉన్నట్టుండి దాని మీద మనసు పోయింది. ఇంజను పని వేరే చోట చేయించి, పై పని కోసం రికవరీ బండి మీద ఎక్కించి మాకు పంపాడు. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పిన బండి, జాగ్రత్త అన్నాడు.

మామ చుట్టూ తిరిగి చూశాడు. ఎడమ పక్క ముందు మడ్‌గార్డు మీద పెద్ద సొట్ట. వేలి కణుపుతో తట్టాడు. ఠంగుమంది. అక్కడే దెబ్బతిన్నాడు మామ. ఎప్పుడో ఎవడో ఆ చోట రేకు ముక్క వేసి, రివెట్లు కొట్టి, పైన లప్పం పూసి రంగేశాడు. లోపలి వైపంతా వేలు మందాన తారు. పైకి రేకులాగే ఉంది, తడితే రేకులాగే పలికింది. ఒక్క మామ ఏమిటి, ఆ వీధిలోని డెంటర్లందరూ అది రేకనే అనేవాళ్ళు.

సుత్తి ఎత్తాడు, ఊపిరి బిగబట్టాడు, కొట్టాడు. ఫట్‌మని పలికి మడ్‌గార్డు మీద గీత పడింది. లప్పం పగులుతోంది అల్లుడా, పగలనీ, కింద రేకు తేలాల అన్నాడు. ఇంకొకటి గట్టిగా కొట్టాడు. గీత దీపం దగ్గరికి పాకింది. మామకు పట్టుదల వచ్చింది. ముసలిదానా, నా దగ్గరా నీ ఆటలు అంటూ వరసగా నాలుగు దించాడు. పచ్చి కట్టె చీలినట్టు చీలింది బండి. దీపం దగ్గర్నుంచి తలుపు దాకా నోరు తెరుచుకుంది. చెయ్యంత ముక్క ఊడి మామ కాళ్ళ దగ్గర పడింది.

 మామ వంగి పగులులో చెయ్యి పెట్టాడు. బయటికి తీస్తే వేళ్ళకు తెల్లటి సన్నటి పోగులు. కాసేపటికి ఆ చెయ్యి గోక్కోవడం మొదలుపెట్టాడు. గోక్కుంటూ ఆగిపోయాడు. ఆ దురద ఆయనకు తెలుసు. బండి మొత్తం ఫైబర్. ఆ కాలంలోనే అమెరికావాళ్ళు అలాంటిది చేశారని మాకెవరికి తెలుసు? మామ నా వైపు చెయ్యి చాపి చూపించాడు. ఒక్క తిట్టు కూడా రాలేదు ఆ నోటి నుంచి. నాకు భయం వేసింది.

అర్బాబ్ వచ్చి చూశాడు. ఊడిన ముక్కను రెండు చేతులతో ఎత్తి సీట్లో పెట్టాడు. బండి మళ్ళీ ఒక్కటై రోడ్డెక్కితే గ్యారేజీ ఉంటుంది, లేదంటే ఖలాస్, షటర్ దించేస్తాను, అందరూ ఊళ్ళకు పోవచ్చు అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఏడుగురం పనిచేసేవాళ్ళం అక్కడ, ఏడు కుటుంబాలు.

మస్కట్‌లో ఫైబర్ పని చేసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూశారు. కొత్త ముక్క అమెరికా నుంచి తెప్పించమని కొందరు, ఏం చేసినా అతుకు తెలిసిపోతుందని కొందరు చెప్పి పోయారు. చివరికి వచ్చినవాడు మాత్రం, షినాస్‌లో పడవలు చేసే మనిషొకడున్నాడు, సముద్రం కూడా అతని అతుకు పట్టుకోలేదు అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే మామ లేచి బయటికి పోయాడు. బయట ఖాళీ డ్రమ్మును తన్నిన చప్పుడు విన్నాం.

మర్నాడు షినాస్ పోయాం, నేనూ మామా.  దారి పొడుగునా మామ ఒళ్ళో గుడ్డసంచి. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి. భాయ్ ఒక పడవ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గ్రైండర్‌తో కోస్తున్నాడు. గడ్డం నెరిసింది. మమ్మల్ని చూసి గ్రైండర్ ఆపలేదు. మామ సంచిలోంచి చెక్క సుత్తి తీసి ఇసుకలో పెట్టాడు. అదే సుత్తి. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచాడో నాకే తెలియదు. మా పక్క రాజీ అంటే ఇలాగే ఉంటుంది, దెబ్బకు దెబ్బ చెల్లిస్తేనే తరువాతి మాట.

"నువ్వు కూడా ఒకటి కొట్టు భాయ్. చెవి మీదనే కొట్టు. ఆ తర్వాత నేనొచ్చిన పని మాట్లాడదాం" అన్నాడు మామ.

భాయ్ సుత్తి తీసుకున్నాడు. పిడి పట్టుకుని బరువు చూశాడు. మామ కళ్ళు మూసుకుని చెవి అప్పగించి నిలబడ్డాడు. నేను మధ్యలోకి పోవాలా వద్దా అని చస్తున్నాను. భాయ్ ఆ సుత్తిని పడవ అంచుకు ఆనించి గ్రైండర్ పెట్టాడు. చెక్క కాలి పొగ లేచింది. సుత్తి తలకాయ రెండు ముక్కలయ్యేదాకా కోసి, ముక్కల్ని కాలితో తన్నేశాడు. అప్పుడు మాట్లాడాడు.

"ఆ చప్పుడు నా చెవిలో ఈ పొద్దుటికీ ఆగల్యా అన్నా. పక్కన ఎవరన్నా సుత్తి కొడితే మెదట్లో గుచ్చుతాది. బండి నేను చేస్తా. నీ కోసం కాదు, ఈ పిల్లోళ్ళ కోసం. అది అయిపోయేదాకా నీ చేతిలో సుత్తి నాకు కనపడకూడదు. నేను చెప్పింది చెయ్యాల."

మామ తల ఊపాడు. చెవి మీద దెబ్బ పడి ఉంటే అంత నొప్పి ఉండేది కాదనుకుంటాను.

వాడి కబీర్‌లో పొద్దస్తమానం సుత్తుల మోతే కాబట్టి, బండిని మళ్ళీ సువైక్ తోటకే తీసుకుపోయి షెడ్డులో పెట్టాం. భాయ్ మొదటి రోజే గ్రైండర్ తీసుకుని పగిలిన చోటునే కాకుండా దాని చుట్టూ మూరెడు మేర కోసి పారేశాడు. అర్బాబ్ చూడలేక తోటలోకి పోయాడు. దెబ్బ పడిన చోటు పైకి బాగున్నా లోపల నలిగి ఉంటుంది, మొత్తం తీయాల్సిందే అన్నాడు భాయ్. ఆ మాట బండి గురించే అన్నాడో ఏమో. మామ తల దించుకున్నాడు.

ఫైబర్ పని చేసేవాళ్ళు ముందు చేతులకు పౌడర్ పట్టిస్తారు, దురద దిగకుండా. భాయ్ డబ్బా ఇచ్చాడు. నేనేమన్నా పెళ్ళికూతుర్నా అని మామ పౌడర్ వేసుకోలేదు. మూడు పూటలు తిరిగేసరికి చేతులు, మెడ, కడుపు రక్తాలు వచ్చేలా గోక్కున్నాడు. నాలుగో పూట డబ్బా తనే తీసుకుని మొహానికి కూడా పూసుకున్నాడు. భాయ్ నవ్వు ఆపుకోవడానికి రెసిన్ డబ్బాలోకి చూశాడు.

మామకు ఇచ్చిన పని ఉప్పుకాగితంతో రుద్దడం. పొర వేయడం భాయ్ వంతు, ఆరాక రుద్దడం మామ వంతు. సుత్తి పట్టిన చెయ్యి మెత్తగా ఎలా రుద్దుతుంది? కోపం వచ్చినప్పుడల్లా బయటికి పోయి ఖర్జూరం చెట్టు మొద్దును కాలితో తన్ని వచ్చేవాడు. చెట్లకు నోరుంటే ఆ తోట మొత్తం మామ మీద కేసు పెట్టేది.

అలా రోజుల తరబడి రుద్దిన మడ్‌గార్డు అద్దంలా తయారైంది. మామ దాని మీద అరచెయ్యి పెట్టి మురిసిపోతున్నాడు. భాయ్ వచ్చి వేలితో తట్టుకుంటూ పోయి ఒక చోట ఆగాడు. లోపల గాలి బుడగ ఉంది అన్నాడు. మామ ఏదో అనేలోపల గ్రైండర్ పెట్టి ఆ భాగమంతా చెక్కేశాడు. తెల్ల దుమ్ము లేచి మామ మొహం మీద పడింది.

నేను మామ కళ్ళు చూశాను. రూమ్‌లో గొడవ పడ్డ ఆ శుక్రవారం చూసిన కళ్ళే. షెడ్డు మూలలో జాకీ ఇనుప రాడ్డు ఉంది. సుత్తి వద్దన్నాడు గానీ రాడ్డు వద్దనలేదు కదా. మామ అది తీసుకుని భాయ్ వెనక, ఎడమ పక్కనుంచి పోయాడు. గ్రైండర్ ఆపి భాయ్ వంగి, కుడి చెవిని మడ్‌గార్డుకు అదిమి ఆనించి, వేలితో తట్టుకుంటూ బుడగ ఉన్న చోటు వెతుక్కుంటున్నాడు. మామ బూట్ల కింద ఎండుటాకులు పటపటమంటున్నాయి. వద్దు మామా అని షెడ్డు బయటినుంచి నేను గొంతు చించుకున్నాను. రాడ్డు పైకి లేచింది. భాయ్ తల తిప్పలేదు. తన పనిలో తానున్నాడు.

మామ చెయ్యి పైనే ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. తర్వాత రాడ్డును చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. షెడ్డు బయటికి వచ్చి నా పక్కన మట్టిలో కూలబడ్డాడు. మొహం నిండా తెల్ల దుమ్ము.

"వానికి ఇనపడల్యా రా. నేను సంపడానికి పోతాంటే గూడా ఇనపడల్యా" అన్నాడు.

మామ ఏడవడం నేను అప్పుడే చూశాను. జీవితమంతా ఎదుటివాడి మొహం చూసి కొట్టిన మనిషి. ఒక మనిషి చెవి పోతే ఏం పోతుందో అప్పటిదాకా ఆయనకు అందలేదు. నాకు కూడా అందలేదు. భాయ్‌కి ఇదేమీ తెలియదు. బుడగ దొరికింది రా అని లోపలినుంచి సంతోషంగా కేకేశాడు.

ఆ తర్వాత మామ మారిపోయాడని రాస్తే అబద్ధం. తిట్లు అలాగే ఉన్నాయి. కానీ భాయ్ దగ్గరికి ఎప్పుడు పోయినా చుట్టూ తిరిగి కుడి పక్కకో, ఎదురుగానో వచ్చేవాడు. ఆయన నడిచేటప్పుడు ఎడమ పక్క తాను నడిచేవాడు, అటునుంచి ట్రాక్టర్ వస్తే మోచేత్తో ఒక్క పోటు పొడిచి పక్కకు నెట్టేవాడు. ఆ పోట్లకు భాయ్ తిట్టుకునేవాడు. ఎందుకో ఆయనకు మేము చెప్పలేదు.

బండి తయారైంది. మీగడ తెలుపు రంగు నేనే కొట్టాను, ఎర్ర సీట్లు వేయించారు. అతుకు ఎక్కడుందో నన్ను చూపమన్నా నేను చూపలేను. అర్బాబ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, తాళం మామ చేతిలో పెట్టాడు. ముందు మీరిద్దరూ తిప్పి రండి, సముద్రం పక్క రోడ్డు బాగుంటుంది అన్నాడు. రెండే సీట్లు కాబట్టి నాకు చోటు లేదు. పైకప్పు వెనక్కి మడిచి ఇద్దరూ బయలుదేరారు. తెల్లబండిలో ఒక పళ్ళు లేని డెంటరు, ఒక చెవి లేని పడవలాయన. చూసి తోటలో అందరం నవ్వాం.

పొద్దు వాలే వేళకు తిరిగొచ్చారు. మామ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గాలి అన్నాడు. భాయ్ సామాను సర్దుకుని, అర్బాబ్‌కు సలాం చేసి షినాస్ పోయే బండెక్కాడు. భాయ్ వెళ్ళాక మామ నన్ను పక్కకు పిలిచాడు.

"చెప్పేసినా రా అల్లుడా. అంతా చెప్పేసినా."

ఏం చెప్పావంటే నీకెందుకన్నాడు. భాయ్ ఏమన్నాడని అడిగితే, ఏమీ అనలేదు, వాణ్ణి ఆలోచించుకోనీ అన్నాడు.

అప్పటినుంచి ఆయన ఎదురుచూడడం మొదలుపెట్టాడు. షినాస్ నుంచి చేపల లారీలో ఎండు చేపల పొట్లం వచ్చేది, పంపింది భాయ్. మామ దాన్ని విప్పి, చేపల కింద, కాగితం వెనక కూడా చూసేవాడు. ఇటునుంచి మామ ఊరి కారప్పొడి పంపేవాడు. నా ఫోన్ మోగితే షినాసా అని అడిగేవాడు. నేనే భాయ్‌కి ఫోన్ చేస్తానంటే ఒప్పుకోలేదు. అడిగి తెచ్చుకునేది కాదు రా అది అనేవాడు. మామ దేనికోసమైనా అంత ఓపికగా ఆగడం నేను ఎరగను. గ్యారేజీ నిలిచింది, మా ఏడుగురి బతుకులు నిలిచాయి, అర్బాబ్ పండగ పండక్కీ ఆ బండిలో వచ్చి మాకు ఖర్జూరాలు ఇచ్చి పోతున్నాడు. మామకు కావలసింది మాత్రం ఇంకా షినాస్‌లోనే ఉండిపోయింది.

ప్రాణం పోయిన ఆ శుక్రవారం కూడా అన్నం తింటూ అడిగాడు, వాడేమన్నా అన్నాడా అని. లేదన్నాను. ఉల్లిగడ్డ గుద్దాడు, తిన్నాడు, పడుకున్నాడు.

మామ ఉన్న పెట్టెను ఊరికి పంపే రోజు ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డు దగ్గర మేమందరం ఉన్నాం. కాగితాల పని అర్బాబ్ చూసుకుంటున్నాడు. భాయ్ షినాస్ నుంచి వచ్చాడు, చొక్కా మీద రెసిన్ మరకలు అలాగే ఉన్నాయి. పెట్టె పక్కన నిలబడి నన్ను అడిగాడు, అన్న చివర్లో నా గురించి ఏమన్నా అన్నాడా అని. ఆ రోజు బండిలో ఏదో చెప్పి, మీ జవాబు కోసం పోయేదాకా చూశాడని చెప్పాను. దాచడం నా వల్ల కాలేదు.

భాయ్ పిడికిలితో తన నుదుటి మీద తానే కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకోబోతే చెయ్యి పట్టుకున్నాను.

"స్టీరింగు ఎడమ పక్క గదా. నా సచ్చిన చెవి ఆయన పక్కకుండె. పైన గాలి. నోరు ఆడేది కనపడతానే ఉండె, దోవ పొడుగునా ఆడతానే ఉండె. ఏం చెప్తాండాడో నాకు తెలుసు. తల ఇట్ల తిప్పింటే ఇనపడేది. నేను తిప్పల్యా" అన్నాడు.

మామకు ఈ సంగతి తెలియక ఆ పక్కనుంచి చెప్పాడా, తెలిసే చెప్పాడా? భాయ్ ఎడమ పక్క కాపలా నడిచిన మనిషికి ఆ మాత్రం తట్టలేదంటే నమ్మను. తట్టినా చెప్పాడంటే ఏమనాలో నాకు తోచడం లేదు. ఇద్దరూ ఇద్దరే, ఒకరిని మించిన మొండి ఒకరు. ఇప్పుడు ఎవరిని తిట్టను?

పెట్టెను లోపలికి తీసుకుపోవడానికి ట్రాలీ వచ్చింది. భాయ్ దానికి అడ్డంగా వెళ్ళి, పెట్టె తల వైపు వంగాడు. తల పక్కకు తిప్పి, కుడి చెవిని చెక్కకు ఆనించాడు.

"ఇప్పుడు చెప్పన్నా. ఇంటాండా" అన్నాడు.

కార్గో మనుషులు టైం అయిందని రెండుసార్లు పిలిచారు. భాయ్ చెవి తీయలేదు. వాళ్ళ వైపు చెయ్యెత్తి, ఆగమన్నాడు.